ఏ కాయలతో నేర్పారు?

నూజివీడు పక్కన ఆగిరిపల్లి అంటే అందరికీ శోభనాచలం కొండ గుర్తొస్తుంది. నాకు సూరి భగవంతం గారు గుర్తొస్తారు. 1909లో అక్కడ పుట్టి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1940లో కాంతి పరిక్షేపణ మీద పుస్తకం వేశారు. మా మామిడి రసాలకిచ్చే ప్రచారంలో పదోవంతు ఆయనకిచ్చినా బాగుండు. వస్తువు మీదికి వెలుగు పంపి, అది ఎలా మారి వచ్చిందో చూసి లోపలి అణువుల గుట్టు చెప్పడం ఆయన విద్య.

ఆ విద్యకు దాయాదైన పరారుణ కాంతి ఇప్పుడు మతిమరుపు జబ్బుల దాకా వచ్చింది. ప్లాస్మా చుక్కను ఆరబెట్టి స్ఫటికానికి ఆనిస్తారు. ప్రొటీన్లు, కొవ్వులు ఎవరి తరంగాలు వాళ్లు పీల్చుకోగా మిగిలిన గీతలో జబ్బు జాడ వెతుకుతారు. 2017లో ఇంగ్లండ్ పరిశోధకులు 549 మంది రక్తం ఇలా చూశారు. అల్జీమర్స్‌ను మరో రకం మతిమరుపు జబ్బైన లూయీ బాడీ డిమెన్షియా నుంచి వేరుచేయడంలో 90 శాతం కచ్చితత్వం వచ్చింది. ఆరోగ్యవంతుల నుంచి విడదీయడంలో మాత్రం 70 శాతమే. నూటికి ముప్ఫై తప్పు పోయే పరీక్షతో ఎవరి నుదుటా ముద్ర వేయకూడదు. ఎవరిని పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చుకోవడానికైతే పనికొస్తుంది.

ఆ పంపడమే మన దగ్గర జరగదు. నాకు తెలిసిన ఒక పెద్దరైతు చిక్కంతో దింపిన కాయ భుజాలు చూసి పక్వం చెప్పేవాడు. ఈమధ్య రసాల గంపలో కలెక్టరు రకం కాయలు వేస్తున్నాడు, నిన్న కోసిన చెట్టు కిందికే కూలీలను మళ్లీ తోలుతున్నాడు. 'పెద్దాయన కదండీ, చాదస్తం' అంటాడు కొడుకు. ముందు బి12, థైరాయిడ్ చూపించవయ్యా అన్నాను. ఆ తేడాలతో వచ్చే మరుపు మందులతో తగ్గొచ్చు. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు: దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని అంచనా.

మామిడిని కోయకుండానే లోపలి పక్వం చెప్పే పరారుణ యంత్రాలూ ఉన్నాయి. బంగినపల్లి కాయలతో లెక్క నేర్పిన యంత్రాన్ని చిన్నరసానికి ఆనిస్తే లెక్క తప్పుతుంది. ఆ రకం కాయలు కోసి, కొలిచి మళ్లీ నేర్పాలి. నెత్తురు గీతలోనూ అంతే, షుగరు, కొవ్వు, తిండి అన్నీ కలిసే కనిపిస్తాయి. రేపు ఏ ఏలూరు ల్యాబుకో ఇలాంటి యంత్రం వస్తే నేనడిగేది ధర కాదు. దీనికి నేర్పిన నెత్తుటిలో షుగరు మాత్రలు మింగే మన ఊళ్ల ముసలివాళ్లది ఎంత?