చౌకకాలంలో శోకం

హెవీ మెటల్ అంటే వేగం, గోల, పొడుగు జుట్టు అని మనవాళ్ళలో చాలామంది అభిప్రాయం. అందులోనే వేగమంటే గిట్టని శాఖ ఒకటుంది. డూమ్ మెటల్ అంటారు. దానిలో మరీ విపరీతానికి పోయిన కొమ్మ ఫ్యూనరల్ డూమ్. పేరులోనే శవయాత్ర ఉంది. గిటారు మీద ఒక స్వరం మోగించి, అది దాదాపు ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు ఇంకోటి మోగిస్తారు. పది, పన్నెండు నిమిషాల పాట ఇక్కడ మామూలు. నేను దీన్ని మొదట విన్నది మా అబ్బాయి గది తలుపు సందులోంచి. ఫ్యాను బేరింగు పోయిందనుకుని కేకేశాను.

ఈ నింపాదితనాన్ని చూసి నవ్వేముందు మన ఇంటి సంగతి ఒకటి తలుచుకోవాలి. క్షేత్రయ్య పదాన్ని చౌకకాలంలో పాడే పద్ధతిని మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటివారు కాపాడారు. ఆమె 1938లో పోయారు. మనవరాళ్ళు బృంద, ముక్త ఆ పదాలను ఆ నడకలోనే పాడారు. వినేవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. అయినా ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఉన్న ఖాళీలోనే విరహమంతా ఉందని వాళ్ళకు అందింది. డూమ్ వాళ్ళు చేసే పనీ అదే. కాకపోతే ఇక్కడ విరహం బదులు చావు.

దీని మూలం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బం. గిటారు వాయించే టోనీ అయోమీకి రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. నొప్పి తగ్గాలని ఆయన తర్వాత తర్వాత తీగెల్ని వదులు చేసుకున్నాడు, శ్రుతి కిందికి దిగింది, శబ్దం బరువెక్కింది. ఈ సంగీతమంతా ఆ దిగిన శ్రుతిలో నడిచిందే.

దాన్ని శవయాత్ర నడకకు తెచ్చినవాళ్ళు ఫిన్లాండు కుర్రాళ్ళు. థెర్గోథాన్ వాళ్ళ 'స్ట్రీమ్ ఫ్రమ్ ది హెవెన్స్' 1994లో వచ్చింది. చరిత్ర కోసం ఒకసారి వినండి చాలు. నేను మళ్ళీ మళ్ళీ వినేది స్కెప్టిసిజం వాళ్ళ 'స్టార్మ్‌క్రోఫ్లీట్', 1995. ఇందులో బేస్ గిటారు లేదు. చర్చిలో ఆర్గన్ మోగినట్టు కీబోర్డు కింద పరుచుకుని ఉంటుంది, గిటారు దాని మీద ఈడ్చుకుంటూ పోతుంది. రికార్డింగు బురదలో ముంచి తీసినట్టుంటుంది. 2018లో దాన్ని శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. నాకు పాత బురదే ఇష్టం.

అమెరికా సియాటిల్ నుంచి బెల్ విచ్ అనే ఇద్దరు మనుషుల బృందం. గిటారే లేదు, బేసూ డ్రమ్సూ మాత్రమే. వాళ్ళ పాత డ్రమ్మరు ఏడ్రియన్ గెర్రా 2016లో చనిపోయాడు. మరుసటి ఏడాది వచ్చిన 'మిర్రర్ రీపర్' మొత్తం ఒక్కటే పాట, 83 నిమిషాలు. నడిమధ్యలో, అంతకుముందు ఆల్బం కోసం అతను పాడగా వాడకుండా మిగిలిన గొంతును పెట్టారు. పోయినవాడి చేత వాడి సంతాపసభలో పాడించారన్నమాట. ఇది చవకబారుగా తయారయ్యే ప్రమాదం ఎంతైనా ఉంది. కాలేదు. ఎందుకంటే వాళ్ళు ఆ చోటికి చేరటానికి తొందరపడలేదు.

వీటన్నిటిలో నాకొక వెలితి ఉండేది. సాహిత్యం ఇంగ్లీషు. ఫిన్లాండు వాళ్ళూ ఇంగ్లీషే రాశారు. ఆ పైన గొంతు అడుగునుంచి వచ్చే గుర్రు ఆ మాటల్ని నమిలి మింగేస్తుంది. మాట ఉన్నా లేనట్టే. అది అలా ఉండవలసిందే అనుకునేవాణ్ణి, హామ్‌ఫెర్ వినేదాకా.

ఈ బృందానిది ఫారో దీవులు. ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ ఏలుబడి కింద ఉన్న చోటు. జనాభా సుమారు 54 వేలు. మన తాలూకాలు చాలావరకు ఇంతకంటే పెద్దవే. శతాబ్దాలపాటు గుళ్ళోనూ బళ్ళోనూ డేనిష్, ఇంట్లో మాత్రం ఫారో భాష. ఈ లెక్క మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. 1846లో ఇప్పటి రాత ఏర్పడేదాకా ఆ భాషను మోసింది గొలుసుకట్టుగా చేతులు పట్టుకుని అడుగులేస్తూ పాడుకునే కథాగేయాలు. 1948 చట్టంతో అది ముఖ్య భాష అయింది. హామ్‌ఫెర్ అన్న పేరుకు అర్థం, సముద్రంలో తప్పిపోయినవాడో పోయినవాడో ఇంటివాళ్ళకు కనిపించే ఆకారం. వీళ్ళు నల్ల సూట్లు తొడుక్కుని వేదికెక్కి తమ భాషలోనే పాడతారు.

గాయకుడు యోన్ ఆల్దారా గుర్రూ పెడతాడు, నిండు గొంతుతోనూ పాడతాడు. ఆ రెండో గొంతు లేచినప్పుడు మాట బతికి బయటపడుతుంది. దీర్ఘాలు సాగుతాయి, అచ్చులు తెరుచుకుంటాయి. నాకు ఆ భాషలో ముక్క రాదు, అనువాదాలు పెట్టుకుని చదివాను. ధనమ్మాళ్ ఇంట్లో పదం విన్న తమిళ శ్రోత పరిస్థితే నాది.

2018 నాటి 'టామ్సిన్స్ లీకమ్' బిడ్డను పోగొట్టుకున్న ఇంటి కథ. మూడు విడుదలల్లో వెనకనుంచి ముందుకు చెప్పుకొచ్చిన కథకు ఇది మొదలు. దుఃఖం మొగుడూపెళ్ళాల్ని దగ్గర చేస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ విడదీస్తుంది. 2024 నాటి ఆల్బం పేరుకు 'కానీ దేవుడి చెయ్యి బలమైనది' అని అర్థం. 1915లో సాండ్విక్ అనే పల్లెలో తిమింగలాల వేటకు పోయి 14 మంది మునిగిపోయారు, దాని మీద కట్టిన పాటలు. పొట్టి పాటలు, ముందటికంటే బిరుసు. సముద్రం బాగా వచ్చింది గాని, ఇంట్లో కూర్చున్నవాళ్ళ నిశ్శబ్దం తగ్గింది. నా ఓటు 2018 ఆల్బానికే.

చిన్న భాషలో పాడారు కాబట్టి మెచ్చుకోవాలని కాదు నేననేది. ఆ జబ్బు మనకే ఉంది. మన ఉగాది సభల్లో ఎవరు ఏం చదివినా, పాపం ఇంత దూరంలో ఉండి తెలుగులో రాశాడని చప్పట్లు కొడతాం. బ్యాంకులో దీన్ని రాయితీ వడ్డీ అంటాం. తీసుకున్నవాడు నిలదొక్కుకోడానికి ఇచ్చేది, జన్మంతా ఇచ్చేది కాదు. హామ్‌ఫెర్ వాళ్ళు 2012లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో నానాదేశాల బృందాలతో పోటీపడి గెలిచారు. అక్కడ న్యాయనిర్ణేతలు ఫారో భాష మీద జాలిపడి మార్కులు వేసి ఉండరు.

మొదటిసారి వినేవాళ్ళు 'టామ్సిన్స్ లీకమ్'తో మొదలుపెట్టండి, 'స్టార్మ్‌క్రోఫ్లీట్' తర్వాత. 83 నిమిషాలదాన్ని ఇంట్లోవాళ్ళు ఊరెళ్ళిన రోజుకు దాచుకోండి.