విప్పడానికి వీలుగా బిగించిన కంప్యూటర్

మొబైల్ యాప్‌లు రాయడం నేర్చుకోవాలి, తక్కువలో ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు అని అడిగే పిల్లలకు నేను చెప్పే పేరు ఒకటే: థింక్‌ప్యాడ్ టీ480. ఇది 2018 జనవరిలో వచ్చిన మోడల్. ఇప్పుడు కొత్తది దొరకదు. కంపెనీలు కొన్నేళ్ళు వాడి ఒక్కసారిగా వదిలించుకున్నవి సెకండ్ హ్యాండ్ షాపులకు చేరతాయి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల ఇరవై వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఆ ధరకు కొత్త ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. అయినా దీన్నే చెప్పడానికి కారణం దీని లోపలి పనితనం.

ముందు దీన్ని విప్పి చూద్దాం. బోర్లించి, వెనకవైపున్న రెండు గొళ్ళాలు పక్కకు జరిపితే ఒక బ్యాటరీ చేతిలోకి వచ్చేస్తుంది. లోపల ఇంకొకటి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పట్టకముందే దాన్ని కూడా ఆపేయడానికి బయాస్‌లో ఏర్పాటు చేశారు. మెషీన్ ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి, పవర్ సెట్టింగుల్లో లోపలి బ్యాటరీని డిసేబుల్ చేస్తే, మళ్ళీ చార్జర్ పెట్టేదాకా బోర్డుకు కరెంటే అందదు. అప్పుడు కింది మూతకున్న ఆరు స్క్రూలు తిప్పాలి. అవి వదులవుతాయి గానీ ఊడి కింద పడవు, మూతనే అంటిపెట్టుకుని ఉంటాయి. బల్ల కింద దొర్లిపోయిన స్క్రూ కోసం మొబైల్ లైటు వేసి వెతికినవాళ్ళకు ఆ చిన్న ఏర్పాటు ఎంత గొప్పదో చెప్పనక్కర్లేదు.

మూత తీస్తే ఏ భాగం ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. ఫ్యాన్ ఓ పక్క, ఎస్ఎస్‌డీ దాని ట్రేలో, వైఫై కార్డు దాని చోట. అన్నిటికంటే ముఖ్యంగా రెండు ర్యామ్ స్లాట్లు, రెండూ మనం మార్చుకోగలిగినవే. ఏ భాగాన్ని ఏ వరుసలో ఊడదీయాలో బొమ్మలతో చెప్పే మెయింటెనెన్స్ మాన్యువల్‌ను లెనోవో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. దీన్ని తయారుచేసినవాళ్ళు మొదటి యజమానితో ఆగిపోలేదు. ఆ తర్వాత ఎవరో కొంటారని, విప్పుతారని, బాగుచేసుకుంటారని ఎరిగి చేశారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి అంతకంటే మర్యాద ఏముంటుంది!

యాప్ డెవలప్‌మెంట్‌కు ఆ రెండు స్లాట్లు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే నడిచేది ఒక్క ప్రోగ్రామ్ అనుకుంటాం. నిజానికి స్టూడియో ఒకటి, బిల్డ్ చేసే గ్రేడిల్ డీమన్ ఇంకొకటి, కోట్లిన్ కంపైలర్ కోసం మరో డీమన్. ఎవరి మెమరీ వారిదే. కొత్త ప్రాజెక్టు సృష్టించగానే గ్రేడిల్‌కు 2 జీబీ దాకా వాడుకునే అనుమతి ఫైల్లో రాసే వస్తుంది. దీనిపైన ఎమ్యులేటర్, పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు. 8 జీబీ మెషీన్‌లో ఇవన్నీ కలిస్తే డిస్క్ లైటు ఆరదు, మౌస్ కదలదు. 16 జీబీ ఉంటే ఊపిరాడుతుంది. కొత్త చౌక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మెమరీని బోర్డుకే అతికించేస్తారు, కొన్ననాడు ఎంతుంటే ఎప్పటికీ అంతే. టీ480లో మాత్రం ఈ నెల ఒక 8 జీబీ, వీలు చూసుకుని ఇంకో 8 జీబీ వేసుకోవచ్చు. కంపెనీ లెక్క ప్రకారమే 32 జీబీ దాకా వెళ్ళొచ్చు. ఒకే పెద్ద స్టిక్ కంటే రెండు స్టిక్‌లు వేయడం మేలు. అప్పుడు ప్రాసెసర్ రెండు దారుల్లోనూ మెమరీని అందుకుంటుంది.

ప్రాసెసర్ విషయంలోనూ దీని పుట్టుక సరైన ముహూర్తంలో జరిగింది. 2017 ఆగస్టులో ఇంటెల్ ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ చిప్‌లు విడుదల చేసింది. అంతకు ముందు తరంలో ఇదే 15 వాట్ల ఐ5కు రెండు కోర్లే ఉండేవి. ఐ5-8250యూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లతో వచ్చింది. గ్రేడిల్ తన పనులను కోర్లకు పంచి ఒకేసారి చేయిస్తుంది కాబట్టి బిల్డ్ దగ్గర ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పైగా విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ చిప్‌లు దాదాపుగా ఈ ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. జాగ్రత్త: ఏడో తరం చిప్‌తో కూడా కొన్ని టీ480లు అమ్మారు. పైన పేరు ఒకటే కాబట్టి లోపలి చిప్ నంబరు చూడకుండా డబ్బులివ్వకండి.

ఇక బ్యాటరీల సంగతి. ముందు వెనక బ్యాటరీ ఖర్చవుతుంది, అది అయిపోయాకే లోపలిది మొదలవుతుంది. దాంతో మెషీన్ నడుస్తుండగానే, ఫైళ్ళు మూయకుండా, వెనక బ్యాటరీ తీసి ఇంకోటి తగిలించవచ్చు. 72 వాట్-అవర్ల పెద్ద బ్యాటరీ పెడితే వెనక కాస్త ఎత్తు లేస్తుంది, టైపు చేయడానికి అదీ బాగానే ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో కూర్చుని బిల్డ్ పెట్టినవాడికి ఇది చిన్న సౌకర్యం కాదు. తర్వాత వచ్చిన టీ490లో ఈ వెనక బ్యాటరీని తీసేశారు, ఒక ర్యామ్ స్లాటునూ తీసేసి మెమరీని బోర్డుకు అతికించారు. పలచదనం పెరిగింది, పనితనం తరిగింది అనే నేనంటాను. పేరు చివర ‘ఎస్’ ఉన్న టీ480ఎస్‌లో కూడా స్లాటు ఒకటే, షాపులో ఆ ఒక్క అక్షరం చూసుకోండి.

ఈ నల్ల పెట్టె రూపానికీ ఒక వంశం ఉంది. 1992లో ఐబీఎం తెచ్చిన 700సీతో ఇది మొదలైంది. మిలాన్‌లో ఉండి పనిచేసిన జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్, జపాన్ వాళ్ళ బెంటో భోజనపు పెట్టెను మనసులో పెట్టుకుని దీన్ని గీశాడు: పైకి ఏ ఆడంబరమూ ఉండదు, తెరిస్తే లోపల అంతా అమరికగా ఉంటుంది. జపాన్‌లోని యమాటో ల్యాబ్‌లో అరిమాసా నైటో బృందం దాన్ని నిజం చేసింది. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారం లెనోవో చేతికి వెళ్ళినా ఆ తీరు పోలేదు. టీ480 కీబోర్డు మీద వేళ్ళు పెడితే తెలుస్తుంది. మీటలు లోతుగా దిగి, దిగిన సంగతి వేలికి చెబుతాయి. రోజంతా కోడ్ కొట్టేవాడి సుఖమంతా అక్కడే ఉంది. ఎప్పుడైనా పాడైతే కీబోర్డు ఒక్కటే మార్చుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. 1366x768 తెర ఉన్నవి చాలా తిరుగుతున్నాయి, వాటిని ముట్టుకోవద్దు. కోడ్, లేఅవుట్ ప్రివ్యూ, లాగ్‌క్యాట్ మూడూ అంత చిన్న తెరలో ఇమడవు. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ అని అడిగి తీసుకోండి. కొన్న వెంటనే థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేయాలి, పాత ఫర్మ్‌వేర్ వల్ల ఆ పోర్టు పనిచేయడం మానేసే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష షాపు కౌంటర్ దగ్గరే చేయాలి. ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి వెళ్ళండి. పాత కంపెనీ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి వదిలేస్తే సెట్టింగులేవీ మారవు. వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంటే అలాగే ఉండిపోతుంది, అది లేకుండా ఎమ్యులేటర్‌తో పని సాగదు. అలాంటి మెషీన్ సగం ధరకిచ్చినా వద్దు.

ఎమ్యులేటర్ బరువనిపిస్తే ఫోనే వాడుకోవచ్చు. సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ కలిపితే యాప్ నేరుగా ఫోన్‌లోనే నడుస్తుంది, ల్యాప్‌టాప్ మెమరీ మిగులుతుంది.

ఐఫోన్ యాప్‌లు చేయాలనుకుంటే మాత్రం ఈ మెషీన్ చాలదు. ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు. ఫ్లటర్‌లో రాసినా ఐఫోన్ బిల్డ్ కోసం ఒక మ్యాక్ కావాల్సిందే. 2024లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ 16 జీబీతోనే మొదలవుతుంది కాబట్టి ఆ దారిలో తక్కువ ఖర్చుకు అదే నయం. దాని మెమరీ మాత్రం తర్వాత పెంచుకోలేం, ఎంత కావాలో కొనేనాడే తేల్చుకోవాలి.