బోధ చేయని పాఠం - క్రొయేషియా బాలగేయాలు

బాలగేయం దేనికన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మనలో చాలామంది ఇచ్చే జవాబు ఒక్కటే: పిల్లలకు మంచి బుద్ధులు చెప్పడానికి. సంప్రదాయవాదులు భక్తి, వినయం నేర్పమంటారు. అభ్యుదయవాదులమైన మనం శ్రమ గౌరవం, సమత నేర్పమంటాం. వస్తువు మారింది గాని పద్ధతి మారలేదు. రెండుచోట్లా పిల్లవాడు చేతులు కట్టుకుని వినవలసినవాడే. ఈ పద్ధతి మీద నాకున్న అనుమానాన్ని క్రొయేషియా బాలకవిత్వం బలపరిచింది.

అక్కడా మొదలు బోధతోనే. 1873లో జాగ్రెబ్‌లో 'స్మిల్యే' అనే పిల్లల పత్రిక వచ్చింది. నాటి బాలగేయాల్లో నీతి పాలు ఎక్కువ. అయితే హాప్స్‌బర్గ్ సామ్రాజ్యంలో జర్మన్, హంగేరియన్ భాషల ఒత్తిడి మధ్య పిల్లలకు మాతృభాషలో పాట అందించడమే పెద్ద పని. దాన్ని తక్కువ చేయరాదు.

గ్రిగోర్ వితెజ్ (1911-1966) ఈ ధోరణిని మలుపు తిప్పిన కవుల్లో ముఖ్యుడు. ఆయన ఉపాధ్యాయుడు, ఫాసిజాన్ని ఎదిరించిన పార్టిజాన్, యుద్ధానంతరం పిల్లల పుస్తకాల సంపాదకుడు. బోధించే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. తన ఉత్తమ గేయాల్లో ఆయన ఆ హక్కును వాడుకోకపోవడమే విశేషం.

ఆయన సృష్టించిన అంతుంతున్ బాబాయి పిల్లల కోసం కోడిగుడ్లను తోటలో నాటుతాడు. చీకటి పడితే దాన్ని కుండతో తోడుతాడు. కవి మాత్రం అతన్ని వివేకి అనే పిలుస్తాడు. పిల్లలు నవ్వుతారు. ఎందుకు? గుడ్లు కోడి కింద పొదగాలని వాళ్లకు ముందే తెలుసు కనుక. గేయం కొత్త నీతి చెప్పలేదు. పిల్లవాణ్ణి పరీక్షకుడి స్థానంలో కూర్చోబెట్టింది. వివేకి అని పెద్దలు పిలిచినంత మాత్రాన ఎవరూ వివేకి కారన్న విమర్శనా దృష్టి అక్కడే మొలకెత్తుతుంది. మరో గేయంలో ఆయన 'పాడు' అన్న ఒక్క క్రియకే రకరకాల ఉపసర్గలు చేర్చి పిట్టచేత పాడిస్తాడు. వ్యాకరణం పేరెత్తకుండానే భాషా నిర్మాణం నోటికి పట్టుబడుతుంది.

ఆకలీ అన్యాయమూ ఉన్న లోకంలో ఈ వేళాకోళం పలాయనం కాదా అని మిత్రులు అడగవచ్చు. ఈ శంక పాతదే. సోవియట్ రచయిత చుకోవ్‌స్కీ 'మొసలి' గేయకథను 1928లో 'ప్రావ్దా'లో తప్పుపట్టింది క్రూప్‌స్కయానే. తలకిందుల పాటలు పిల్లల్లో వాస్తవ జ్ఞానాన్ని చెరపవనీ, గట్టిపరుస్తాయనీ చుకోవ్‌స్కీ 'రెండు నుంచి ఐదు దాకా' గ్రంథంలో వాదించాడు. కాలం ఆయన పక్షానే నిలిచింది.

అయితే ప్రతి గందరగోళమూ గేయం కాదు. తోటలో నాటిన గుడ్డు వెనుక పల్లె అనుభవం ఉంది; ఆ అనుభవం లేనినాడు మిగిలేది ప్రాస చప్పుడే. తలకిందులు చేయాలంటే ముందు లోకం తిన్నగా తెలియాలి. నినాదానికి యతిప్రాసలు తొడిగి బాలసాహిత్యమంటున్న మనం పట్టించుకోవలసింది ఈ క్రమశిక్షణనే.

1967 నుంచి క్రొయేషియాలో పిల్లల పుస్తకాల రచయితలకూ చిత్రకారులకూ వితెజ్ పేరిట పురస్కారం ఇస్తున్నారు. పిల్లల్ని నమ్మిన ఉపాధ్యాయుడికి తగిన గౌరవమే అది. మనం పిల్లల్ని నమ్ముతున్నామా?