నేత్రలేఖనము

ఆదోని, గుంతకల్లు, బళ్లారి బాటలు కలియు ఆలూరు వంటి ఊరిలో నేడు చిత్రకారుని యిల్లెక్కడ యని అడిగినచో, జనులు ఫ్లెక్సీలును రేడియం స్టిక్కర్లును చేయు దుకాణమునకు దారి చూపుదురు. ఆటో వెనుక అద్దముపై అభిమాన నటుని కన్నులు రెండు అంటింపవలె నన్నను, వీధి మొగలో నాయకుని నిలువెత్తు ముఖము నిలుపవలె నన్నను, ఆ పని అచ్చటి కంప్యూటరు మీదనే జరుగవలయును. ఇది యంత్రము చేయు పనియే గాని కళ గాదని పెదవి విఱుచువారితో నేను ఏకీభవింపజాలను. రేఖనే ప్రాణముగా నెంచిన మన చిత్రసంప్రదాయమునకు, కంప్యూటరుపై రేఖలతోనే బొమ్మ కట్టు వెక్టరు చిత్రణము దగ్గఱి చుట్టమే.

విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము కన్నులను చాపాకారము, మత్స్యోదరము, ఉత్పలపత్రము, పద్మపత్రము, శణాకృతి యని ఐదు తెఱగులుగా విభజించి, మూడు యవలు (యవగింజ కొలత) మొదలు పది యవల వఱకు కొలతలు నిర్ణయించి, ధ్యానమగ్నుడైన యోగికి వింటివంటి కన్నును, భయార్తులకు తామరఱేకువంటి కన్నును విధించినది. 16వ శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలమున లేపాక్షి వీరభద్రాలయపు కప్పులపై బొమ్మలు వ్రాసినవారును, ధర్మవరము చెంత నిమ్మలకుంటలో మేకతోలును వెలుగు దూఱునట్లు పలుచన చేసి రామరావణులను దిద్దు కళాకారులును (వారిలో దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించినది) గీతతో రూపమును నిలబెట్టిన పిదపనే రంగు నింపినవారు. తోలుపై ఉలి ఒక్క పోటు తప్పినచో బొమ్మ చెడును. స్టిక్కరు కోయు ప్లాటరు కత్తికిని అదే నియమము: గీతలో అక్కఱలేని నోడులు (గీత వంపును నిర్ణయించు బిందువులు) గుమిగూడిన చోట అది తడబడి అంచును గఱుకు చేయును.

ఆ నోడుల వెనుకనున్న గణితము మోటారు కార్ల కర్మాగారములలో పుట్టినది. ఫ్రాన్సు దేశమున సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్‌జో 1959లోను, రెనో సంస్థలో పియెర్ బెజియే 1960 దశకములోను కార్ల పైతొడుగుల వంపులకై కనుగొన్న ఉపాయమే, 1987లో ఇల్లస్ట్రేటరు, 1989లో కోరల్‌డ్రా అను చిత్రలేఖన సాఫ్టువేర్ల రూపమున చిత్రకారుల చేతికి వచ్చినది.

ఇక కన్ను. క్రొత్తగా నేర్చువాడు బాదంపప్పు ఆకారము గీచి, నడుమ గుండ్రని నల్లచుక్క పెట్టి, అది బొమ్మ కన్నువలె నున్నదేమని విచారించును. పై రెప్ప యెత్తైన చోటు ముక్కువైపునకును, క్రింది రెప్ప మిక్కిలి దిగిన చోటు చెవివైపునకును ఒఱగి యుండును. ఈ ఒఱపు తెలిసినవానికి ఆ రెండు చోట్ల రెండు స్మూత్ (నునుపు) నోడులు, కొలుకులలో రెండు కస్ప్ (మొన) నోడులు, మొత్తము నాలుగే చాలును. కనుగ్రుడ్డు అడ్డుకొలత ఇంచుమించు 24 మిల్లీమీటర్లు, నల్లగ్రుడ్డుది అందులో సగము. నల్లగ్రుడ్డు పైభాగమును రెప్ప కొంత కప్పును. పూర్తి వలయము కనబడెనా, ఆ మనిషి ఉలికిపడినట్లే తోచును. కావున వృత్తమును పూర్తిగా గీచి, రెప్పల ఆకారములో పవర్‌క్లిప్ చేయుట (ఆ ఆకారము లోపలి భాగమే కనబడునట్లు చేర్చుట) మంచిది. తెల్లగ్రుడ్డు తెల్లగా ఉండదు! దానిపై పై రెప్ప నీడ పడును, కొలుకులలో ఎఱుపు దేఱును, అది గోళము గనుక అంచులు మసకబాఱును; ఇదంతయు, వలగళ్ల మీదుగా వన్నెలు కలుపు మెష్ ఫిల్‌తో సాధింపవచ్చును. క్రింది రెప్పకు మందమున్నదనియు, ఆ మందముపై సన్నని తడిగీత మెఱయుననియు గుర్తించువారు అరుదు. ఆ గీత లేనిచో కన్ను ఎండిపోయినట్లుండును. రెప్ప వెండ్రుకలను ఒకే మందపు గీతలుగా లాగుట మఱియొక సాధారణ దోషము: మొదట లావై, కొనకు సన్నగిల్లు మూసిన ఆకారములుగా, రెండు మూడు కొనలు కలిసిన గుంపులుగా వానిని వేయవలెను.

పరదేశపు పాఠములు మనవారిని తప్పుదారి పట్టించుచోటు నల్లగ్రుడ్డే. నీలి కన్నులలోని కిరణములవంటి పోగులను చూచి, రాయలసీమ రైతు కంటను వానినే చెక్కువారు కలరు. మన కన్ను ముదురు గోధుమరంగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కనుపాప రెండు మిల్లీమీటర్లకు ముడుచుకొన్నను ఆ ముదురులో అది వేఱుగా తోపదు. అచ్చట పనిచేయునది వెలుగుచుక్క. ఎండకు అది చిన్నదై, గట్టి అంచుతో, కనుపాప అంచును కొంచెము ఒరసికొని యుండవలెను. పెద్దవయసువారి నల్లగ్రుడ్డు చుట్టు తేలు బూడిదరంగు వలయమును మఱువరాదు.

ఇంత శ్రమతో దిద్దిన కన్ను బైకు స్టిక్కరంత చిన్నదైనను, నలువది అడుగుల హోర్డింగంత పెద్దదైనను పిక్సెళ్లుగా పగులదు. వెక్టరుకు గల లాభమిది. అయినను మెష్ ఫిల్‌లోని వన్నెలు ప్లాటరు కత్తికి పట్టవు. స్టిక్కరుకు పంపునపుడు ఛాయలన్నియు తీసివేసి నలుపు, ఖాళీ అను రెంటికే కన్నును కుదింపవలయును. నా దృష్టిలో పనివాని పస తేలునది అప్పుడే: పై రెప్ప గీత తన నీడను కూడ తనలో కలుపుకొని బలియవలెను, క్రింది గీత నడుమ తెగవలెను, వెలుగుచుక్క మాత్రము కోతలో ఊడిరానంత వెడల్పుతో నిలువవలెను.