నలభైలో మళ్లీ అదే ప్రశ్న

'ఐడెంటిటీ క్రైసిస్' అనే మాటను లోకమంతటి నోట్లో పెట్టినవాడు ఎరిక్ ఎరిక్సన్. 1950లో వచ్చిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ'లో ఆయన మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. మనసు ఎదుగుదల బాల్యంతో ఆగదనీ, ముసలితనం దాకా సాగుతుందనీ చెప్పాడు. అందుకు ఆయనకు సలాం. మా పేచీ ఆ దశల వరుసతోనే.

'నేనెవరు' అన్న ప్రశ్నను ఆయన కౌమారానికి కేటాయించాడు. తర్వాత యౌవనంలో తోడు, నడివయసులో రాబోయే తరాన్ని సాకే బాధ్యత, చివర్న బతికిన బతుకును ఒప్పుకోగల నిబ్బరం. ఏ దశా పూర్తిగా ముగిసిపోదని ఆయనే అన్నాడు, నిజమే. అయినా మెట్లు మెట్లే.

మా సంగతి చూడండి. నలభై దాటాయి. అమ్మతో ఉర్దూలో మాట్లాడి, ఆఫీసుకెళ్లి తెలుగులో వార్తలు రాస్తాం. కిందటేడు అద్దె ఇంటికి వెళ్లినప్పుడు, మా తెలుగు విని కూర్చోమన్న ఇంటాయన, పేరు విన్నాక 'బంధువులొస్తున్నారండీ' అన్నాడు. బయటికొచ్చాక మా చిన్నోడు అడిగాడు: 'అబ్బా, ఆయనకు మన పేరు నచ్చలేదా?' బిడ్డను పెంచాల్సిన దశలో ఉన్న మేము, బిడ్డ చేయి పట్టుకునే, పద్నాలుగేళ్ల నాటి ప్రశ్న ముందు మళ్లీ నిలబడ్డాం.

అస్తిత్వాన్ని ఉర్దూలో 'షనాఖ్త్' అంటాం. అనుమానితుల్ని వరుసగా నిలబెట్టి సాక్షి చేత గుర్తుపట్టించడం కూడా షనాఖ్తే. సమాజం గుర్తిస్తేనే అస్తిత్వం నిలుస్తుందని ఎరిక్సన్ కూడా అన్నాడు. ఇచ్చిన గుర్తింపును నడివయసులో వెనక్కి లాక్కుంటే? ఆ ఎనిమిది మెట్లలో దీనికి చోటు చాలలేదు.

విచిత్రమేమంటే, ఆయన బతుకే మా వైపు సాక్ష్యం. 1902లో జర్మనీలో యూదు తల్లికి పుట్టాడు, తండ్రెవరో తెలియదు. ప్రార్థనాలయంలో పిల్లలు యూదుడు కాదన్నారు, బడిలో యూదుడని వెక్కిరించారు. మారుతండ్రి ఇంటిపేరు హోంబర్గర్‌తో పెరిగి, హిట్లర్ వచ్చిన 1933లో అమెరికా చేరాడు. 1939లో అక్కడి పౌరుడవుతూ 'ఎరిక్సన్' అని పెట్టుకున్నాడు. అప్పటికి ముప్పయ్యేడేళ్లు! 1969లో గాంధీ మీద రాసిన పుస్తకంలోనూ ఆయన ఎంచుకున్నది 1918 అహ్మదాబాద్ మిల్లు సమ్మె నాటి నలభై ఎనిమిదేళ్ల మనిషినే.

ఎరిక్సన్ 1994లో పోయాక, ఆయన భార్య జోన్ 1997లో తొమ్మిదో దశ చేర్చింది. ఎనభై, తొంభైల్లో పాత సంక్షోభాలన్నీ తిరిగొస్తాయంది. మాకు అంత వ్యవధి ఇవ్వలేదెవరూ. ఇల్లు దొరికింది, మనవాళ్లుండే బస్తీలోనే. చిన్నోడికి జవాబు ఇంకా బాకీ ఉంది.