మార్చి నుంచి ఫిబ్రవరి దాకా

పురపాలక బడ్జెట్ అనగానే పత్రికల్లో కనిపించేవి రోడ్లు, డ్రైన్లు, పార్కులు. నాకు ఇష్టమైన కాగితం వాటి వెనక ఎక్కడో అడుగున ఉంటుంది. దాని పేరు నంబర్ స్టేట్‌మెంట్. మంజూరైన ప్రతి పోస్టుకూ అందులో ఒక వరుస: హోదా, పే స్కేలు, ఆ సీట్లో ఉన్న మనిషి, మూలవేతనం, ఇంక్రిమెంటు నెల, డీఏ, హెచ్‌ఆర్‌ఏ, చివర ఏడాది మొత్తం. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఏ సీనియర్ అసిస్టెంటో కూర్చుని వేసే లెక్క ఇది. కౌన్సిల్ హాల్లో దీని మీద ఎవరూ గొంతు పెంచరు.

పనితనం బయటపడేది నెలల దగ్గర. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది గానీ మార్చి జీతం చేతికొచ్చేదీ ఏప్రిల్‌లోనే. అందుకని జీతాల పద్దుకు ఏడాది అంటే మార్చి నుంచి ఫిబ్రవరి. అక్టోబరులో 2,000 రూపాయల ఇంక్రిమెంటు పడే మున్సిపల్ ఇంజనీరు ఉన్నాడనుకోండి. పాత జీతం ఏడు నెలలు, కొత్తది ఐదు నెలలు. మూలవేతనంలో అదనం 10,000. సీటుకు కొత్తగా వచ్చినవాడు ఏప్రిల్ నుంచి వేళ్లు మడిచి 12,000 వేస్తాడు, దాని మీద డీఏ కూడా కట్టేస్తాడు. చెయ్యి తిరిగినవాడి వరుసలో ‘7+5’ అని సన్నగా రాసి ఉంటుంది. ఆ చిన్న అంకెలు చూస్తే నాకు మంచి కంసాలి పెట్టిన టంకం గుర్తొస్తుంది.

రిటైర్మెంట్లు ఇంకా సూక్ష్మం. ఆగస్టు 1న పుట్టిన టౌన్ ప్లానింగ్ అధికారి జూలై 31నే దిగిపోతాడు. 2న పుట్టినవాడికి ఆగస్టు నెలాఖరు దాకా ఉద్యోగం. ఒక్క రోజు తేడాకు పెద్ద అధికారి నెల జీతం అటో ఇటో అవుతుంది. పైగా తెలంగాణలో 61 ఏళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 62. వెళ్లేవాడి ఖాతాలో సంపాదిత సెలవు 300 రోజులుంటే, దాదాపు పది నెలల జీతం ఒక్కసారిగా కట్టాలి. సొంత నిధుల మీద బతికే కార్పొరేషన్‌కు ఇది చిన్న దెబ్బ కాదు. తెలిసినవాడు సర్వీసు రిజిస్టరు తిరగేసి ముందే విడిగా చూపిస్తాడు.

ఇక డిప్యుటేషన్లు. దీనికి రూల్సులో పేరు ‘ఫారిన్ సర్వీసు’. వీధి దాటి ఇంకో ఆఫీసుకు వెళ్లినా ఫారినే! అలా వచ్చిన అధికారికి జీతం ఇస్తే సరిపోదు, మాతృశాఖకు కట్టాల్సిన పింఛను, సెలవు జీతం కంట్రిబ్యూషన్లూ ఉంటాయి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఆడిట్ అభ్యంతరం ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది.

కార్పొరేషన్ కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఎప్పుడు ఎవరు మారతారో సెక్షన్‌కు తెలియదు. అయినా మొదటి వరుస రాయాలి. ఇక్కడ ఊహకు చోటివ్వకపోవడమే నేర్పు: ఇప్పుడున్నాయన జీతం, ఇప్పటి తేదీ, అంతే.

అసలు పరీక్ష ఖాళీ పోస్టులది. హెల్త్ ఆఫీసరు సీటు ఖాళీ, ఎవరో ఎఫ్‌ఏసీలో, అంటే పూర్తి అదనపు బాధ్యతగా, చూస్తున్నారు. పన్నెండు నెలల పూర్తి జీతం వేస్తే డబ్బు ఊరికే ఇరుక్కుంటుంది. సున్నా పెడితే, ఏడాది మధ్యలో మనిషి వచ్చినప్పుడు జీతం ఎక్కడ? నేను చూసిన ఒక స్టేట్‌మెంట్‌లో స్కేలు కనీసం మీద ఆరు నెలలకు లెక్క కట్టి, రిమార్కుల్లో పెన్సిల్‌తో ‘భర్తీ ప్రతిపాదన పంపబడినది’ అని రాసి, పక్కనే ఫైలు నంబరు వేశారు.