తోకచుక్కను పట్టే చేతులు

2024 సెప్టెంబరు ఆఖరున సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క తెల్లవారుజామున తూర్పున, అక్టోబరు మధ్యలో సందెవేళ పడమట కనిపించింది. బాగేపల్లి వైపు వాళ్లకు ఒక వీలుంది: బెంగళూరు వెలుగు దక్షిణానే ఉండిపోతుంది, ఈ రెండు దిక్కులూ కాస్త చీకటిగా దొరుకుతాయి. అలాంటి చీకట్లో సరదాకొద్దీ కెమెరా పట్టినవాళ్ల చేతులు చూడాలి. ట్రైపాడ్‌ను బండమీద కుదిర్చి, లెన్సును ఓ మెరిసే నక్షత్రం మీదికి తిప్పి, తెరమీద దాన్ని పదింతలు పెద్దది చేసుకుని, అది సూదిమొనంత అయ్యేదాకా ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున జరుపుతారు. కుదరగానే రింగు కదలకుండా టేపు అంటిస్తారు. నొక్కే వేలి అదురు కూడా ఫొటోలో పడుతుంది కనుక టైమరు పెట్టి చెయ్యి తీసేస్తారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎంఎం లెన్సు వేస్తే, షట్టరు తెరిచి సుమారు 10 సెకన్లు దాటగానే భూమి తిరగడం బయటపడి నక్షత్రాలు గీతలవుతాయి. అందుకే తక్కువ సెకన్ల ఫొటోలు పదులకొద్దీ తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. నక్షత్రాలను కలిపితే తోకచుక్క అలుక్కుపోతుంది, దాని తలను కలిపితే నక్షత్రాలు సాగిపోతాయి. రెండు రకాలుగా పేర్చి అతుకు కనబడకుండా కలపడంలోనే, నన్నడిగితే, అసలు పనితనమంతా ఉంది. కంటికి పొగమరకలా తోచినదానికి అంత పొడవు తోక ఉందని చిక్కబళ్లాపురంలో, చింతామణిలో జనానికి మర్నాడు ఫోన్లో తెలిసేది వీళ్ల వల్లే.